నాలుగు గంటల ఎండ

దేబా నది పక్కన, ఎల్గోయిబార్‌లో మా షెడ్డు.
పదకొండుమందిమి. యంత్రాలు ఆరు.
అయిదు అక్షాలది ఒక్కటే.
దాని బల్ల తిరుగుతుంది, ఒరుగుతుంది.
బిగించిన టైటానియం దిమ్మ
ఏ పక్కా దాచుకోలేక
అన్ని పక్కలా ఒప్పేసుకుంటుంది.

మార్చిలో ఒక ముక్క తప్పింది.
ఆరు మైక్రాన్లు.
వెంట్రుకను నిలువునా పన్నెండు పాయలు చీలిస్తే
అందులో ఒక పాయ.
కంటికి ఆనదు, వేలికి తగలదు,
కొలత గదిలో మాత్రం ఎర్రగా వెలుగుతుంది.

మర్నాడు తప్పలేదు.
ఆపైన మూడు రోజులూ తప్పలేదు.
తర్వాత వరసగా రెండు.
కట్టర్ మార్చాను. పట్లు విప్పి మళ్లీ బిగించాను.
కూలెంట్ వాసన చూశాను, పాలు విరిగాయేమో అన్నట్టు.
కంపెనీ మనిషి ఫోన్లో సాఫ్ట్‌వేర్ అన్నాడు.
ఏమీ తోచనప్పుడు అందరూ అనే మాట.

ఎయుస్తాకియోని పిలిపించాం. డెబ్బై తొమ్మిదేళ్లు.
ఇలాంటి యంత్రాల పట్టాలను ఒకప్పుడు
ఉలితో గీకి గీకి, చేత్తో చదును చేసినవాడు.
స్తంభం మీద అరచెయ్యి ఆనించి
జ్వరం చూస్తున్నట్టు చాలాసేపు నిలబడ్డాడు.
"ఈ చెయ్యి ముసలిదైపోయింది, గర్బిన్యే"
అని బెరెట్ టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

పట్టించింది పింటో.
షెడ్డు పిల్లి. ఒక చెవి సగమే.
నాలుగింటికి వచ్చి
స్తంభానికి ఎడమ పక్క వీపు ఆనించి పడుకుంది.
కుడి పక్క కాదు.
వంగి అక్కడ చెయ్యి పెట్టాను.

ఎండ!
సన్నజల్లు తప్ప ఎరగని ఈ లోయకి
ఎప్పుడో చుట్టపుచూపుగా వచ్చే ఎండ
పైకిటికీలోంచి జారి
పది టన్నుల ఇనుమును ఒక పక్కకి వంచేస్తోంది,
పిల్లి వీపంత మేర.

డైరీ తిరగేశాను.
ముక్క తప్పిన రోజులన్నీ
మా వీధిలో బట్టలు ఆరిన రోజులు.

కిటికీకి గోనెపట్టా కొట్టాం. కొలతలు కుదిరాయి.
యజమాని భుజం తట్టాడు, నాది. పిల్లిది కాదు.
పింటో వచ్చి స్తంభాన్ని వాసన చూసి
నన్నొకసారి చూసి వెళ్లింది.
రెండు రోజులు కనపడలేదు.

ఇప్పుడా పట్టాకి తాడుంది.
ఎండ కాసిన రోజు నాలుగింటికి
స్పిండిల్ ఆపి, తాడు లాగుతాను.
ఆ తర్వాత గంటసేపు ముతక కోతలే.
ప్రోగ్రాంలో ఆ చోట,
యంత్రం చదవకుండా దాటేసే వరసలో
"ఇరవై నిమిషాలు, కాఫీకి" అని రాశాను.

నేను కాఫీ తాగను.