నోట్లో నాలుక లేనివి

హొసకోట దాటాక, గులాబీ తోటల పక్క మట్టిదారిలో
ఆదివారం పొద్దున స్కూటర్ ఆపాం.
మునిశామప్ప గోనెపట్టా తెర తప్పించి
"చూస్కోండమ్మా, అన్ని రకాలూ ఉండాయి" అన్నాడు.

మాకు కావలసినవి నాలుగే.
చిన్న గొంతువి, పొడవనివి,
పిల్లాడి అరచేతిలో నూకలు తినేవి.
రామమూర్తినగర్‌లో మా పెరడెంత?
రెండు నవారు మంచాలు వాల్చినంత.
గోడకవతల షైనీ.
రాత్రంతా ఆసుపత్రిలో మేలుకుని
పొద్దున ఎనిమిదికి కిటికీలకి దుప్పట్లు కట్టి పడుకుంటుంది.
ఆమెకి మాటిచ్చి వచ్చాం.

ముందు తెల్లవాటిని నడిపించాడు.
"మెడ చూడండి. నడక చూడండి."
"ఒకసారి ఇటు తిప్పండి," అన్నాడు మా ఆయన పురుషోత్తం.
నాకు నవ్వొచ్చింది.
పన్నెండేళ్ల కింద మదనపల్లెలో
మా పిన్ని నన్నూ ఇలాగే
వంటింటి నించి వసారా దాకా నడిపించింది.
"నోట్లో నాలుక లేని పిల్ల" అంది.
అంటూనే, వాళ్లడిగారని, ఒక పాట పాడించింది.

ఇప్పుడు నేను
పాట రాని పెళ్లికూతుళ్లని వెతుకుతున్నాను.

మునిశామప్ప బీడీ ఆర్పి చెప్పాడు.
"గట్టిగా అరిచేదంతా ఆడదేమా.
మగదానికి ఉత్త బొంగురు, గాలి పోయిన పీక.
తోకమీద ఈక మెలి తిరిగుంటే మగది, అంతే గుర్తు."
తర్వాత మూలకి చెయ్యి చూపాడు.
మొహం నిండా ఎర్రటి కాయలు,
ఎండకి పేలిన మిరపపండు చెక్కుల్లాగా.
"ఇవి అరవవు. ఆడదైనా సరే, మెల్లగా ఊళ పెడతాది, లేకుంటే బుస్సంటాది.
చూసేదానికి బాగుండవు. బుద్ధి మంచిది."
పురుషోత్తం నావైపు చూడకుండా జాగ్రత్తపడ్డాడు.

ఎర్రమొహాలు మూడు తీసుకున్నాం.
నాలుగోది అప్పటికే మా నీలు చంకలో ఉంది.
గోధుమరంగుది, పిడికెడు,
కంటిమీద కాటుక చెదిరినట్టు ఒక నల్లగీత.
తోకమీద మెలి లేదు.
"అది వద్దుమా, అది నోరు మూయదు."
అదేమో వాడి చొక్కా గుండీ పట్టుకు లాగుతూ
ఎంత బుద్ధిమంతురాలిగానో ఉంది.
వంద తగ్గిస్తానన్నాడు.
తగ్గించొద్దన్నాను.
ఎందుకన్నానో నాకే తెలీదు.

మొదటి రాత్రి బాగానే గడిచింది.
మూడూ తోకలాడిస్తూ, మెడలు ముందుకీ వెనక్కీ ఊపుతూ
పెళ్లింట్లో అత్తల్లా ఏదో గుసగుస.
తెల్లారేసరికి కరివేపాకు కుండీలో
ఒక్క నత్త లేదు.

రెండోరోజు, తొమ్మిదింపావు.
నాలుగోది నోరు తెరిచింది.
నేను చేసిన నేరమల్లా
నీళ్లగిన్నె రెండడుగులు పక్కకి జరపడం.
ఆ గొంతేమిటి!
సంత మధ్యలో కొలత తక్కువైందని నిలదీస్తున్నట్టు.
స్నానాలగదిలో పెట్టి తలుపేశాను,
అక్కడ ఒకటి పది గొంతులైంది.
బకెట్టు బోర్లించాను, మగ్గుతో నూకలు పోశాను,
అమ్మా తల్లీ అన్నాను.

గోడకవతల దుప్పటి తొలిగింది.
షైనీ వచ్చి నిలబడింది,
జుట్టు రేగి, కళ్లు ఉబ్బి,
చెంపమీద దిండు గీతలతో.
నేను క్షమాపణలు కూడగట్టుకుంటున్నాను,
కన్నడంలో కొన్ని, హిందీలో కొన్ని.
"ఏమంటోంది?" అంది.
"నీళ్లగిన్నె దాని చోట దాన్ని పెట్టమంటోంది."
ఒక్క క్షణం నిలబడింది.
"పెట్టేయండి మరి."
వెళ్లి పడుకుంది.

ఆ తర్వాత రెండుసార్లు ఫిర్యాదు కూడా చేసింది, అదొక సంగతి.
గిన్నెని మాత్రం ఇప్పుడెవరూ కదపరు.
చీపురే దాని చుట్టూ తిరిగి వెళుతుంది.

ఆ రోజు నేనేం పాట పాడానో
పురుషోత్తానికి గుర్తులేదట.
నాకూ లేదు.
గొంతు సవరించుకోవడం ఒక్కటే
గుర్తుంది.