కరెంటు పోయిన నలభై నిమిషాలు

కార్తీక అమావాస్య. రాత్రి పదీ ఇరవై.
అంతర్వేదికర చివర, మూడో నంబరు చెరువులో
పది ఏరేటర్లు ఒక్కసారే ఊపిరి ఆపేశాయి.

ఆ నిశ్శబ్దం ఎంత బరువో
రొయ్యల చెరువు కాపలా కాసినవాడికే తెలుసు.
జనరేటరు తాడు లాగాను. దగ్గింది.
మళ్ళీ లాగాను. దగ్గడం కూడా మానేసింది.
మెకానిక్కు మలికిపురంలో అన్నం ముందు కూర్చున్నాడట.
"చెయ్యి కడుక్కుని వచ్చేత్తానండి, నలభై నిమిషాలు."

నీళ్ళలో ఉన్న గాలి అంతసేపు సరిపోద్దో లేదో.
లోవరాజూ నేనూ బకెట్లతో ఆక్సిజన్ గుళికలు చల్లుకుంటూ
గట్టు చుట్టూ మూడుసార్లు తిరిగాం.
"అక్షింతలేత్తున్నట్టుందిరా," అన్నాడు,
"పెళ్ళికో తద్దినానికో పొద్దున్న తేలుద్ది."

బకెట్లు ఖాళీ. ఇక చేసేదేమీ లేదు.
అలాంటప్పుడే కదా మనిషి తలెత్తేది.

దిండి నుంచి సముద్రం దాకా
ఎవరో తడిగుడ్డతో పలక తుడిచినట్టు చీకటి.
పడమట పూర్వాభాద్రా ఉత్తరాభాద్రా కలిసి
నాలుగు కోళ్ళ మంచంలా వాలి ఉన్నాయి.
ఉత్తరాభాద్ర కోడు దగ్గర మొదలెట్టి
రెండు చుక్కలు దాటి, మలుపు తిరిగి
ఇంకో రెండు సన్న చుక్కలు ఎక్కితే
అక్కడుంది,
ఉఫ్‌మంటే పోయేట్టు.
ఆండ్రోమెడా.

దొంగల్ని కనిపెట్టమని ఓనరిచ్చిన బైనాక్యులర్‌ని
మొదటిసారి దొంగలు లేని దిక్కుకి తిప్పాను.
కోలగా, నడుమ చిక్కగా, అంచుల్లో పల్చగా,
చల్లారిన గంజి మీద తరకలా.
మిగతాదంతా కాలేజీ గోడ మీద ఫోటోలో చూసిందే:
నడిబొడ్డున పసుప్పచ్చని ముసలి నక్షత్రాలు,
సుడి అంచుల్లో నీలంగా పసివి,
పక్కన అంటిపెట్టుకుని రెండు చిన్న గెలాక్సీలు,
పంటు వెనకాల నాటుపడవల్లా.
పుస్తకం వాటిని బాహువులంది.
వశిష్ఠకీ వైనతేయకీ మధ్య పుట్టినవాడికి అవి పాయలు.
పాయల నడుమ నల్లటి చార ఒండ్రు.
మాకు లంకలు మొలిచినట్టు
అందులోంచే అక్కడ నక్షత్రాలు మొలుస్తాయి.

లోవరాజుకి అందించాను. చాలాసేపు చూశాడు.
"ఇదా! దీన్నెరుగుదును.
వేటకెళ్ళిన రోజుల్లో చూసేవోణ్ణి. చేప పొలుసంత.
మబ్బనుకుంటే కదల్దు, చుక్కనుకుంటే మెరవదు.
పేరుందా దీనికి?"
చెప్పాను. నోట్లో రెండుసార్లు తిప్పి వదిలేశాడు.
"ఎంత దూరం?"
వెలుగు పాతిక లక్షల ఏళ్ళు నడిస్తే వచ్చేంత.
"మరి అది బయల్దేరినప్పుడు ఇక్కడేముంది?"

ఫిజిక్సు రెండుసార్లు తప్పినవాణ్ణి.
ఈ ప్రశ్న ఏ పేపర్లోనూ రాలేదు.
ఈ గట్టు లేదు. గట్టు కింద ఇసుక లేదు.
ఆ ఇసుకని మోసుకొచ్చిన వానలు ఇంకా కురవలేదు.
ఉప్పునీళ్ళు ఉండి ఉంటాయి, ఎవరికీ చెందకుండా.

"మళ్ళీ అయ్యే కదా వత్తన్నాయి,"
అన్నాడు సముద్రం వైపు చూసి.
వాళ్ళ పాత ఇల్లున్న చోట ఇప్పుడు అలలు.

అదీ వస్తోంది, అన్నాను పైకి చూపించి.
సెకనుకి నూటపది కిలోమీటర్లు, మన వైపే.
"ఎప్పటికి?"
వందల కోట్ల ఏళ్ళు. తగులుద్దో
పక్కనుంచి పోద్దో ఇంకా తేలలేదంటారు.
"అయితే మెకానిక్కే ముందొత్తాడు."

అని, నీళ్ళ మీదకి టార్చి వేశాడు.
వేలు. లక్షలు. ఎర్రటి నిప్పుకణికలు.
ఊపిరి కోసం పైకి తేలిన రొయ్యల కళ్ళు,
గట్టు వారగా చిక్కగా, నడుమ పల్చగా.
బతికే ఉన్నాయి.
ఎంతసేపో ఇద్దరం మాట్లాడలేదు.

పదకొండూ రెండు. గట్టు మీద బైకు లైటు.
స్పానరు చప్పుడు, ఒక బూతు, పొగ.
జనరేటరు పట్టుకుంది.
ఏరేటర్లు ఒకదాని వెనక ఒకటి నీళ్ళు చిలికాయి,
నురగ సుడి తిరిగి పాయలు సాచింది.
ఫ్లడ్‌లైటు వెలిగింది.
పైకి చూస్తే నాలుగు మొండి చుక్కలు, అంతే.

లోవరాజు చెక్‌ట్రే పైకి లాగి
ఒక రొయ్యని వేళ్ళ మధ్య పట్టుకుని
లైటుకి అడ్డంగా పెట్టి చూస్తున్నాడు.
దాని ఒంట్లోంచి అవతలి వెలుగు కనిపిస్తోంది.