ఇరవయ్యొక్క దినాలు

గోడలకు నీళ్ళు పోసేది నా పని.
పేరు వన్నూరమ్మ. కూలి పుస్తకంలో మాత్రం
ముప్పై రెండేండ్లుగా "క్యూరింగు".

ఎర్రిస్వామి మేస్త్రి అప్పటికింకా కంపెనీ గాడు.
ఒక సైకిలు, ఒక తూకం గుండు,
అప్పు మీద తెచ్చిన పది సిమెంటు మూటలు.
రాయదుర్గం బస్టాండు ఎనక మరుగుదొడ్లు కట్టేకి పిలిచినారు,
పెద్ద కంట్రాక్టర్లెవురూ ముట్టని పని.
నా చేతికి బిందె ఇచ్చి చెప్పినాడు:
"పచ్చి గోడ పసిబిడ్డ మాదిరి పాపా,
ఇరవయ్యొక్క దినాలు తడి ఆరనీయొద్దు."

బావి మైలు దూరం. బిందెకు సొట్ట.
ఇంట్లో మా పిల్లోనికి గ్లాసుతో కొలిచి పోసేదాన్ని,
గోడకు కొలత లేదు.
ఒకపారి వాడు తడి గోనెపట్టాకు నోరు పెట్టి పీల్చినాడు.
మేస్త్రి చూసినాడు. ఏమీ అనలేదు.
మర్నాడు సైకిలుకు ఇంకొక క్యాను కట్టుకొని వచ్చినాడు.

తర్వాత పనులు వచ్చినాయి, మా సీమలో వాన వచ్చినట్ల,
ఒకటి పడితే మల్లా ఎప్పుడో.
కణేకల్లులో బియ్యం గోడౌను.
కళ్యాణదుర్గంలో ఆడపిల్లల హాస్టలు,
దాని బిల్లు రెండేండ్లు రాక
మేస్త్రి పెండ్లాం కమ్మలు మార్వాడీ అంగట్లో నిద్రపోయినాయి.
గుమ్మఘట్ట దావలో కట్టిన మోరీ తొలి వానకే కూలింది.
ఎవురూ అడగలేదు, వంక గూడా ఎండిపోయింది.
ఆయప్ప సొంత దుడ్డుతో మల్లా కట్టినాడు.
"ఆ దావన నేనూ పోవాల గదా" అన్నాడు, అంతే.

మాకు రెండెకరాలుండె. శెనక్కాయ ఏస్తే
మూడేండ్లకొకపారి విత్తనం తిరిగొచ్చేది.
పైకి చూసి చూసి మా ఆయన మెడ నొప్పి అనేటోడు.
నేనేమో మిద్దెల మీద సేద్యం చేసినా.
బంకమట్టితో గట్లు పెట్టి, మడులు కట్టి,
అరచెయ్యి లోతు నీళ్ళు నిలిపి.
ఆసుపత్రి మీద నాలుగు మడులు,
బడి మీద పదారు,
కళ్యాణమండపం మీద ఎన్నో, లెక్క మరిచినా.
పిచ్చుకలు దిగేవి.
ఒళ్ళో వలుస్తుంటే జారిన శెనగిత్తనం ఒకటి
బడి మిద్దె మీద మొలిచింది, గట్టు వారన, రెండాకులు.
పెరికేకి చెయ్యి రాలేదు.
పద్దెనిమిదో దినం ఇంజినీరు పెరికినాడు.
వేరు దిగితే స్లాబుకు చెడ్డంట.

ఇప్పుడు అనంతపురంలో నాలుగంతస్తుల ఆఫీసు.
పన్నెండు లారీలు. అద్దాల తలుపు,
నేను పోయినా దానంతట అదే తెరుచుకుంటాది.
మేస్త్రి పటానికి దండ.
కొడుకు ఓబులేసు మంచోడే, సదువుకున్నోడు.
"అవ్వా, ఇప్పుడొక మందొచ్చింది, పాల మాదిరి,
ఒక్కపారి కొడితే చాలు, నీళ్ళక్కరలేదు" అన్నాడు.
ఇనేకి బాగానే ఉండె.
ఎన్ని బిందెలు మిగుల్తాయో ఊరికి.
చేతులు యాడ పెట్టుకోవాల్నో నాకు తెలీలేదు.

నలభై ఏండ్ల పండగని ఊరికి నీళ్ళ ట్యాంకు కట్టిచ్చినారు.
నాకు శాలువా. మైకులో "వన్నూర్ బీ" అని చదివినారు.
పేరు తప్పైనా చప్పట్లు నాకే.
దిగొస్తా ట్యాంకు కాలు మీద చెయ్యి ఆనించి చూసినా.
చల్లగా లేదు.
గట్టిగానే ఉంటాది లే.

మొన్న మా ఇంటికి గూడా స్లాబు పడింది,
కాలనీ ఇల్లు, నడి ఎండాకాలం.
ట్యాంకరు నాలుగు దినాలొచ్చి మానుకుంది.
ఐదో దినం బిందె ఎత్తుకున్నా, మోకాళ్ళు ఒప్పుకోలేదు.
నడిమింటి గోడకు చీలిక,
ఎంటిక మాదిరి మొదలై
ఇప్పుడు చిటికెనేలు దూరేంత.

దాని మీద కంపెనీ క్యాలెండరు తగిలిచ్చినా.
నెలకొక కట్టడం. అన్నీ నేను తడిపినవే.
ఈ నెల హాస్టలు.
ఫ్యాను ఏస్తే కాగితం లేస్తాది.