కలత

పదిన్నరకి చూపిస్తారని కరపత్రంలో ఉంది.
పదికే వచ్చి కోట పార్కు గేటు దగ్గర నిలబడ్డాను.
నలుగురం ముసలివాళ్ళం,
పురుగులు పట్టే వలతో దారితప్పి వచ్చిన ఒక పిల్లాడు.
పోస్టాఫీసులో రిటైరై ఇక్కడ మన్ను తోడే పనికి కుదిరిన మిత్సుఎ గారు
ఒక్కొక్కరికీ పసుపు హెల్మెట్ పెట్టి
గడ్డం కింద పట్టీ తనే బిగించింది.
నాకు కొంచెం ఎక్కువ బిగించింది.

నీలం పట్టాలు లాగేశారు.
మడతల్లో నిలిచిన రాత్రి వాన
ఒక్కసారిగా మా బూట్ల మీదికి.

ఉగాకి అనే కుర్రాడు, ముప్పై కూడా ఉండవు,
మెడలో తువ్వాలు, చేతిలో వెదురుకర్ర,
గుంట గోడని నల్లబల్లలా చదివిపెట్టాడు.
ఇవి బురుజు పునాదిరాళ్ళు.
వెనక ఈ గులకరాళ్ళు, నీళ్ళు ఇంకడానికి.
ఇదిగో, వేలెడు మందాన నల్లటి చార,
కోట తగలబడిన రాత్రి.
దానిమీద, చాలాకాలానికి, సైన్యం వారి గుర్రపుశాల.

ఒక్క రాత్రికి వేలెడు మందం!
మామూలు రోజులకి మందం ఉండదు కాబోలు.

"నిధి దొరికిందా?" పిల్లాడు అడిగాడు.
ట్రేలోంచి ఒక పెంకుముక్క తీశాడు ఉగాకి.
పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో ఎత్తారు,
మూడు వేళ్ళ గుంటలు, నాలుగువందల ఏళ్ళవి.
రెండు చేతుల్లో పట్టుకుని తిప్పాడు,
నిద్రపోయే పిట్టని చూపిస్తున్నట్టు.
మేమంతా "ఓ" అన్నాం. నేనూ అన్నాను.

ఆ పక్కన సున్నంతో గీసిన పెద్ద గీత.
బురుజుని సగానికి కోసేసిన చదరం.
మేకుకి కట్టిన చీటీ మీద ఒకటే మాట: కలత.

"అంటే?"
"తర్వాతివాళ్ళు తవ్వి కలిపేసిన మన్నండీ.
ఏ కాలానిదీ కాదు. మాకు పనికిరాదు.
పొక్లెయిన్ పెట్టి తీసేశాం."

నాకు తెలుసు ఆ చదరం.
ఇటు చివర మోకాల్లోతు, అటు చివర నా ఎత్తుకి ఒకటిన్నర.
ఊరి ఈతకొలను.
బురుజుకి అడ్డంపడి తవ్వారని అప్పుడెవరూ అనలేదు,
వేసవికి తయారైతే చాలన్నారు.
అడుగున ఆకాశం రంగు పలకలు పరిచింది
మా నాన్న తొకుజీ, ఇంకో ఆరుగురు.
రాత్రి అన్నం తింటూ కూడా
మోకాళ్ళ మీద వంగిన మనిషిలాగే కూర్చునేవాడు.
తెరిచిన రోజు నన్ను నీళ్ళలోకి దింపి
"ఆ మూల చూడు, అది నాది" అన్నాడు.
మునిగి చూశాను. అన్నీ ఒకేలా ఉన్నాయి.
పైకొచ్చి, చూశానని చెప్పాను.

ఇక్కడా అందరి చేతుల్లో తాపీలే.
ఆయనది అతికించే తాపీ, వీళ్ళది విడదీసే తాపీ.
అంచులు మాత్రం ఒకేలా అరిగాయి.

కంచె పక్కన గోనెసంచుల గుట్ట.
ఒకదాని చిరుగులోంచి నీలం.
వంగి లాగితే అరచేతిలోకి వచ్చింది, సగం విరిగిన పలక.
వెనకవైపు సిమెంటులో దువ్వెన గీతలు,
వాటికి అడ్డంగా, వద్దనుకుంటూనే వెతికాను,
వేలిముద్ర లేదు.
నాన్న శుభ్రంగా పనిచేసేవాడు.

ఉగాకి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.
"కావాలంటే తీసుకెళ్ళండి. అది ఏ లెక్కలోనూ లేదు."

"ఈ సంచులన్నీ ఏం చేస్తారు?"
"మార్చిలో కొలతలయ్యాక బురుజు మీద ఇసక పరిచి
వీటితోనే పూడ్చేస్తాం. పైన గడ్డి వేస్తారు."

పలకని సంచిలో పెట్టేశాను,
నీలం వైపు పైకి ఉండేలా.
పిల్లాడు చూసి, ఎందుకో తెలియకుండానే,
జేబులోంచి మిడత పెంకు తీసి దాని పక్కన పెట్టాడు.

గేటు దగ్గర హెల్మెట్ తిరిగిచ్చాను.
జుట్టు తలకి అంటుకుపోయి ఉంది, చెవుల్లో హోరు.
అగడ్త వెంట బస్టాపుదాకా
తల ఒకవైపు వంచి
నీళ్ళు దులుపుకుంటూ నడిచాను.