దగ్గు నమోదు కాదు

దగ్గును రాయకూడదు.
ఇరవై రెండేళ్ల కిందట, పార్లమెంటు అనెక్స్‌లో
మొదటి రోజే నాకు నేర్పిన నియమం.
దగ్గు, ఆవులింత, టీ కప్పు చప్పుడు,
అధ్యక్షుడు కళ్లజోడు తుడుచుకుంటూ ఆగిపోయిన ఆ కాసేపు
మాటల్లోకి రావు.
మాటలు మాత్రమే దేశానివి.

ఫిబ్రవరి నెలాఖరున విదేశాంగ కమిటీ
గుంటూరు మిర్చి యార్డుకి వచ్చింది.
పదకొండు మంది సభ్యులు, ఇద్దరు కార్యదర్శులు,
వాళ్ల వెనక షార్ట్‌హ్యాండ్ పుస్తకంతో నేను,
కొరిటెపాడులో పుట్టి
సొంతూరికి సర్కారు ఖర్చు మీద వచ్చినవాణ్ణి.

చుట్టుగుంట దాటకముందే
మూసిన కారు అద్దాల్లోంచి దూరింది ఘాటు.
గేటు దగ్గర అధికార పక్షం తుమ్మింది.
కాటా దగ్గర ప్రతిపక్షం.
తేజా టిక్కీల నడుమ,
సరిహద్దు మీద ఏడాదంతా ఒక్క వాక్యానికి ఒప్పుకోని ఇద్దరు
ఒకే చేతిరుమాలుతో కళ్లు తుడుచుకున్నారు.
ఆ ఏకాభిప్రాయం నా పుస్తకంలో లేదు.

అధ్యక్షుడు ఫుకన్ గారిది బ్రహ్మపుత్ర ఒడ్డు.
"మా వైపు మిరపకాయ దీనికంటే కోపిష్టిది" అన్నాడు,
అని, అందరికంటే ఎక్కువ దగ్గాడు.

ఎగుమతిదారుల తరఫున కొత్తమాసు నాగేశ్వర గుప్తా సాక్ష్యం.
సముద్రం అవతల ఒక దేశంలో డాలర్లు అయిపోయాయి,
కంటైనర్లు రేవులో, బిల్లులు బ్యాంకులో, మేము ఇక్కడ.
ఆ దేశం పేరు ఆయన చెప్పాడు.
మర్యాద కాదని కార్యదర్శి కొట్టేయించాడు.
అందుకే మీకూ చెప్పలేను.

తొడిమలు తీసే షెడ్డులో అందరూ లేచారు.
సైదాబీ లేవలేదు, ఒళ్లో కాయలున్నాయి.
మొహం చుట్టూ పాత గుడ్డ, కళ్లు మాత్రం బయట.
కొంగు ముడి విప్పి బెల్లం ముక్క తీసి
అధ్యక్షుడి అరచేతిలో పెట్టింది.
"నీళ్లు తాగమాక సారూ, ఇంకా మండుద్ది. ఇది చప్పరించు."

ఆ తర్వాత, చేతులు ఆపకుండానే,
"ఆళ్ల దేశం డబ్బు పంపలేదని మా షావుకారు
నా పద్దెనిమిదొందలు ఆపాడు. రెండు సీజన్లయింది.
ఆ దేశంతో మాట్టాడేది మీరేనంటగా.
ఓ మాట అడుగుతారా?"

తర్జుమా చేయాల్సింది కలెక్టరాఫీసు కుర్రాడు.
గుటక మింగి,
"కమిటీకి స్వాగతం చెబుతోందండీ" అన్నాడు.

"స్వాగతం ఇంత పొడుగా?"
బుగ్గన బెల్లంతో ఫుకన్ గారు
కుర్రాణ్ణి చూడలేదు, నన్ను చూశాడు.
నాకు తెలుగొచ్చని ఆయనకు తెలుసు.
నమోదు చేసేవాడికి చెవులు మాత్రమే ఉండాలని నాకు తెలుసు.
పెన్సిలు చెక్కుకున్నాను.

ఢిల్లీలో ప్రతి సరిచూసేటప్పుడు
'స్వాగతం' పక్కన, అంచులో,
ఆమె అడిగింది అడిగినట్టే రాసి పంపాను.
ఇరవై రెండేళ్లలో నేను చేసిన తప్పు అదొక్కటే.
వారానికి తిరిగొచ్చింది కాగితం.
ఆయన చేతిరాత, వణుకుతూ: ఎంత అన్నారు?
పద్దెనిమిది వందలు, రాసి మళ్లీ పంపాను.

సెప్టెంబరులో కమిటీ గడువు ముగిసింది.
కొత్త అధ్యక్షుడు, కొత్త పేరుపలక,
పాత పలక నా బీరువాలో, బోర్లా.
నివేదికలో నలభై ఒక్క సిఫారసులు.
ఇరవై ఆరు ప్రభుత్వం ఆమోదించింది,
మిగతావి 'పరిశీలనలో'.
నా కాగితం దేనిలోనూ లేదు.

మీకు వచ్చిన అనుమానం నాకూ వచ్చింది.
ఆ పర్యటనలో నా దినభత్యమే అంతకు మించి.
నేనే ఇచ్చేయొచ్చు.
ఇస్తే ధర్మం చేసినట్టుంటుంది,
ఆమె అడిగింది జవాబు.
అలా సర్దిచెప్పుకుని, భత్యం బిల్లు మీద సంతకం పెట్టాను.

నిన్న ఆ పుస్తకం తీశాను.
పేజీల మధ్య ఎప్పుడు చేరాయో రెండు గింజలు,
ఎర్ర దుమ్ము గీతల మీద సన్నగా.
కొత్త అధ్యక్షుడు ప్రారంభ పలుకులు మొదలుపెట్టాడు.
నేను దగ్గాను,
ఆగకుండా, కళ్లలో నీళ్లు తిరిగేదాకా.
పక్కనున్న కొత్త రిపోర్టరు పిల్ల
నా వంక ఒకసారి చూసి
పెన్సిలు పైకెత్తి ఆగింది.