నాలుగు గంటల ఎడం

మితో ఊళ్లో నా మందుల షాపు బల్ల మీద
గుడ్డసంచి బోర్లించాడు తోకిజీ:
బీపీ బిళ్లలు, థైరాయిడ్‌ది, రక్తం పలచనకి ఒకటి,
చెల్లెలిచ్చిన ఐరన్,
టీవీలో చూసి కొన్న కేల్ ఆకు పొడి.

"అన్నీ మంచివేగా!
పొద్దున్నే ఒక్క గుక్కలో మింగేస్తా."

నలభై ఏళ్లు సిగ్నల్ కేబిన్లో పనిచేసినవాడు.
"రెండూ మంచి రైళ్లే కదా అని
ఒకేసారి ఒకే లైనులోకి వదిలేవారా?" అన్నాను.

నవ్వలేదు.
మందుల పుస్తకం తెరిచి
థైరాయిడ్‌కీ ఐరన్‌కీ నడుమ
నాలుగు గంటల గీత గీశాడు, స్కేలు పెట్టి.
ఆకు పొడి డబ్బా నా వైపు జరిపాడు.

తలుపు దాకా వెళ్లి ఆగాడు.
"మరి నత్తో?"

అరవై ఏళ్లుగా పొద్దుటన్నంలోకి
పులిసిన సోయాగింజలు.

గొంతు పెగల్లేదు నాకు.
ఎర్రదీపం నా మొహంలోనే చూసి ఉంటాడు,
గొడుగు తీసుకున్నాడు.