నోట్లో గుండుసూదులు

సాల్మియాలో ఒగ సందు చివర
ఏసీ నీళ్లు బకెట్లోకి టక్కు టక్కుమని పడే అంగడి.
లోపల నేను, దస్తగిరమ్మని.
రాయచోటి పక్కన దూదేకులోళ్ల ఇంటిదాన్ని.
పదకొండేండ్లుగా మోకాళ్ల మీద కూచోని
ఆడోళ్ల అంచులు మడుస్తాండా.

నలుపులో ఇన్ని నలుపులుంటాయని
ఈడికొచ్చినాకనే తెలిసింది.
కొరియా నలుపు, జపాను నలుపు,
ఉతికితే వంకాయరంగు కక్కే నలుపు.

మొన్న బేస్తవారం ఉమ్ బదర్ వచ్చింది, కూతురు లుల్వాతో.
పద్నాలుగేండ్ల పిల్ల. తెల్లబూట్లు.
చంకలో బూడిదరంగు షిఫాను.
"నాలుగు చదరాలు కోసి పీకో చెయ్యి" అనింది పిల్ల.
"ఒకటి చాలు" అనింది తల్లి.

తల్లి నెత్తిన ఏమీ లేదు.
గోరింట పెట్టిన పొట్టిజుట్టు, ఊగే కమ్మలు.
"మా అమ్మ వంటింట్లో కూడా తియ్యలేదు.
నేను కాలేజీ మెట్ల మీద తీసి సంచీలో పెట్టుకున్న రోజు
మా నాయన రెండు నెలలు మాట్లాడలేదు నాతో.
ఇప్పుడిది నన్నడక్కుండా కట్టుకుంటానంటాది."

"నువ్వడిగినావా మీ నాయన్ని?" అనింది పిల్ల.

ఇద్దరూ నా దిక్కు చూసినారు.
నా నోట్లో ఆరు గుండుసూదులుండాయి.
ఎంత సుఖమో అది, దర్జీలకే తెలుసు.

ఉన్నా నేనేమి చెప్పేది?
మందులషాపు నుజ్‌హత్ తెల్లకోటు పొట్టి చేయించుకోను వచ్చినప్పుడంతా అంటాది
"అక్కా, ఇది కట్టుకున్నాకనే నా మొహం నాదయింది."
హైదరాబాదులో వాళ్లమ్మ ఇంకా ఏడుస్తాదంట,
ఇంత చదివించి ఏమి లాభమని.
మా రూములో రాండా, మిసిరిది,
లిఫ్టు తలుపు మూసుకుంటానే పీకి సంచీలో కుక్కుతాది.
మొగుడు కైరో నించి వీడియోలో చూసేటప్పుడు మళ్లీ కడతాది.
వాడు పిన్నులు లెక్కపెడతాడంటాది, నవ్వతా చెప్తాది.
ఆ నవ్వు నాకు అన్నం కాడ గుర్తొస్తాది.

ఇంగ నా నెత్తి సంగతి.
మా జేజికి బొట్టుండేది.
బాంగు వినపడితే కొంగు దానంతట అదే నెత్తికెక్కేది,
చేతులు మాత్రం పిండి కలుపుతానే ఉండేవి.
ఏజెంటు ఫోటోకు రుమాలు కట్టమన్యాడు. కట్టినా.
మొదటి మేడం, పొయ్యి కాడ అంటుకుంటాది, తియ్యమనింది. తీసినా.
మా అన్నకొడుకు ఫోన్లో, అత్తా, కట్టుకో, ఊర్లో మాట పడతాండామన్యాడు.
ముగ్గురూ నా మేలుకోసమే చెప్పినారు.
నీకెట్లుంది అని మాత్రం ఒగరూ అడగలే.

దుమ్ము లేచినప్పుడు కట్టుకుంటా. నమాజుకు కట్టుకుంటా.
రంజాను నెలంతా కట్టుకుంటా.
నెలవంక కనపడి తీసిన రాత్రి
నెత్తి తేలికయి, గాలి తగిలి,
ఎందుకో సిగ్గయితాది.
ఆ సిగ్గు ఎవరు నేర్పిందో నాకు తెలీదు,
నాదే కావచ్చు కూడా.

సరే, పిల్ల నెత్తిన గుడ్డ ఏసి కొలత చూస్తాండా.
జారతాంది. షిఫాను కదా.
ఉమ్ బదర్ లేచి వచ్చింది.
మాటల్లేవు.
నా పెదాల మధ్య నించి ఒగ సూది తీసుకునింది.
గదవ కింద మడత, చెవి ఎనక మడత,
చూడకుండానే వేళ్లు పోతాండాయి.
ముప్పై ఏండ్లయినా చెయ్యి మరవలేదు.

"గట్టిగా బిగించినావు మా" అనింది లుల్వా.
తల్లి సూది తీసి కొంచెం వదులు చేసింది.
అద్దంలో ఇద్దరూ ఉండారు.
ఎవరూ గెలిచినట్టు లేరు.
బకెట్లో నీళ్లు నిండి పొర్లతాండాయి, నేనే పోయి పారబోసొచ్చినా.

బిల్లు రాసేటప్పుడు ఎన్నని అడిగితే
తల్లి మూడనింది. పిల్ల ఊరుకునింది.
గుడ్డ నా బల్ల మీద పెట్టి
ఐస్‌క్రీం యాడ తినాలని కొట్లాడుకుంటా
ఎండలోకి పోయినారు.

సూదులు అరచేతిలోకి ఊసి లెక్కబెట్టినా. అయిదు.
ఆరోది ఆమె చేతి మడతకు గుచ్చుకోని
మరిచిపోయినట్టుంది.